తోడేలు మనవడికి పెరుగన్నం

అశోక్‌నగర్‌లో కుక్కలకు కూడా నోటిఫికేషన్ల పేర్లే ఉంటాయి. పోయిన చలికాలం మా హాస్టల్ గల్లీలో ఒక కుక్క మూడు పిల్లల్ని పెట్టింది. పై ఫ్లోర్‌లో గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే అన్నలు వాటికి గ్రూప్ వన్, గ్రూప్ టూ, గ్రూప్ ఫోర్ అని పేర్లు పెట్టేశారు. గ్రూప్ త్రీ ఏదన్నా అంటే "అది ఇంకా పడలే" అన్నారు. గ్రూప్ వన్‌ను ఎవరో ఇంటికి తీసుకెళ్ళారు. గ్రూప్ ఫోర్ చిక్కడపల్లి మెయిన్ రోడ్డు దాటబోయి పోయింది. మిగిలింది గ్రూప్ టూ. దాని తిండి గురించి మా హాస్టల్ రెండు పార్టీలుగా చీలిపోయింది.

ఒక పార్టీకి లీడర్ మా పెద్దమ్మ కొడుకు. నా రూమ్మేట్ కూడా ఆయనే. ఫోన్‌లో ఏదో వీడియో చూసి వచ్చాడు. "అరె, ఇది ఎవరి బిడ్డరా? తోడేలు బిడ్డ. తోడేలుకు ఎవడన్న పెరుగన్నం పెడ్తడా? పచ్చి మాంసమే పెట్టాలె" అన్నాడు. రెండో పార్టీ మా వంటక్క. "మా ఊర్ల కుక్కలన్నీ బువ్వ తినే బతికినయ్ బిడ్డా" అనేది ఆమె వాదన. డబ్బులు అన్నవి కాబట్టి అన్న పార్టీ గెలిచింది. నెలన్నర పాటు గ్రూప్ టూకి రోజూ చికెన్. అది కూడా బోన్‌లెస్. చిన్న పిల్ల కదా, ఎముక గొంతులో ఇరుక్కుంటుందని భయం.

నెలన్నర తర్వాత అది మెట్లెక్కడం మానేసింది. ముందు కాళ్ళు విల్లులాగా బయటికి వంగాయి. ఎత్తుకుంటే కుయ్‌మని ఏడుస్తోంది. మెట్రోలో కుక్కల్ని ఎక్కనివ్వరు కాబట్టి టవల్‌లో చుట్టి ఆటోలో నారాయణగూడ ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టర్ మేడమ్ కాళ్ళు చూసి, వేరే ఏమీ అడక్కుండా "ఏం పెడ్తున్నరు?" అన్నారు. అన్న గర్వంగా చెప్పాడు. తోడేలు సంగతి కూడా చెప్పాడు. ఆవిడ నవ్వలేదు.

"తోడేలు బోన్‌లెస్ తింటదా?"

ఈ వ్యాసం ఆ ఒక్క ప్రశ్న వల్ల పుట్టింది. తిరిగొచ్చాక నేను కొంత చదివాను. మా హాస్టల్‌లో రెండు పార్టీలూ సగం సగం రైటు, సగం సగం తప్పు అని తేలింది.

ముందు తోడేలు సంగతి చూద్దాం. తోడేలు మాంసం తింటుందని మనం అనుకుంటాం. నిజానికి తోడేలు తినేది జంతువుని. గుండె, కాలేయం, కొవ్వు, చర్మం, నమలగలిగినంత ఎముక, అన్నీ లోపలికే పోతాయి. అడవి తోడేళ్ళ తిండిని లెక్కగట్టిన ఒక అధ్యయనం 2015లో వచ్చింది. వాటికి అందే శక్తిలో సుమారు 54 శాతం ప్రోటీన్ నుంచి, 45 శాతం కొవ్వు నుంచి, ఒకే ఒక్క శాతం పిండిపదార్థాల నుంచి వస్తుందని అందులో తేల్చారు. మా అన్న చూసిన వీడియో దాదాపు ఇక్కడి నుంచే మొదలవుతుంది, ఇక్కడే ఆగిపోతుంది.

కానీ ఎముకల విషయం చూడండి. 100 గ్రాముల బోన్‌లెస్ చికెన్‌లో ఫాస్ఫరస్ దాదాపు 200 మిల్లీగ్రాములు ఉంటే, కాల్షియం 10 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. అంటే ఒకటికి ఇరవై. పెరిగే కుక్కపిల్లకి కావలసింది ఇందుకు పూర్తిగా ఉల్టా. కాల్షియం కనీసం ఫాస్ఫరస్‌తో సమానంగా ఉండాలి, ఇంకొంచెం ఎక్కువున్నా మంచిదే. తోడేలు పిల్లకి ఆ కాల్షియం తల్లి తెచ్చిన వేట ఎముకల్లోంచి వస్తుంది. మా గ్రూప్ టూకి ఎక్కడి నుంచీ రాలేదు.

రక్తంలో కాల్షియం ఒక లెవెల్‌లో ఉండి తీరాలి, లేకపోతే గుండె, కండరాలు పనిచేయవు. తిండిలో రాకపోతే మెడ దగ్గరున్న పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల్లోంచి తోడమని ఆర్డర్ వేస్తాయి. జీతం పడకపోయినా ఈఎంఐ కట్ అయినట్టు, రోజూ ఎముకల ఖాతాలోంచి కట్ అవుతూనే ఉంటుంది. పెరిగే వయసులో అలా జరిగితే ఎముక మెత్తబడి ఒంటి బరువుకే వంగిపోతుంది, చిన్న దెబ్బకే విరుగుతుంది. పెంపుడు కుక్కలకి ప్రేమగా ఒట్టి మాంసం పెట్టే ఇళ్ళల్లో ఈ జబ్బు కొత్తేం కాదట. మా అన్న ఆ రోజు ఆసుపత్రి బయట మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏం మాట్లాడలేదు. రోజుకి ఎనభై రూపాయలు ఖర్చు పెట్టి దాని కాళ్ళు వంచాను అనుకుంటున్నాడని నాకు తెలుసు.

ఇప్పుడు వంటక్క వాదన. మా ఊరు మహబూబ్‌నగర్ వైపు. మా తాత గొర్ల మంద వెంట ఒక కుక్క ఉండేది. దానికి పొద్దున, రాత్రి జొన్న గట్క, దాని మీద ఇంత మజ్జిగ. ఎప్పుడన్నా పండగకి బొక్కలు. ఆ కుక్క కాపలా కాసేది తోడేళ్ళ నుంచే. ఒకే చేను గట్టున, ఒకే ఇంటి పేరున్న రెండు జంతువులు. ఒకటి గొర్రెను తినాలని చూస్తుంది, ఇంకోటి గట్క తిని ఆ గొర్రెను కాపాడుతుంది. చిన్నప్పుడు ఇది నాకు వింతగా అనిపించలేదు. ఇప్పుడనిపిస్తోంది. (మన దక్కన్ తోడేలు కుక్కకి తాత కాదు, పెదనాన్న వరస. కుక్కలు ఏ తోడేళ్ళ గుంపు నుంచి విడిపోయాయో ఆ గుంపు ఇప్పుడు భూమ్మీద లేదు.)

ఆ రెండింటికీ మధ్య ఏం మారిందో చెప్పిన పరిశోధన 2013లో నేచర్ పత్రికలో వచ్చింది. స్వీడన్‌లోని ఉప్సల విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ యాక్సెల్సన్ బృందం 12 తోడేళ్ళ జన్యువుల్ని, 14 జాతులకు చెందిన 60 కుక్కల జన్యువుల్ని పక్కపక్కన పెట్టి చూసింది. మెదడుకి సంబంధించిన జన్యువుల్లో తేడాలుంటాయని అందరూ అనుకునేదే, ఉన్నాయి. ఎవరూ పెద్దగా ఊహించనిది కడుపులో దొరికింది. పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ అనే ఎంజైమ్‌ని క్లోమంలో తయారుచేసే జన్యువు ఏఎంవై2బి. తోడేలుకి అది రెండే కాపీలు ఉంటుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. కుక్కల్లో 4 నుంచి 30 దాకా కనిపించాయి. క్లోమంలో ఆ జన్యువు పనిచేసే తీవ్రత తోడేలుతో పోలిస్తే 28 రెట్లు. ఆ తర్వాతి స్టెప్పులు కూడా, అంటే మాల్టోజ్‌ని గ్లూకోజ్‌గా విడగొట్టేది, ఆ గ్లూకోజ్‌ని పేగులోంచి లాక్కునేది, రెండూ కుక్కల్లో మారాయి. ప్రొడక్షన్ లైన్ మొత్తం అప్‌గ్రేడ్ అయిందన్నమాట.

ఎందుకు మారింది? జర్మనీలో బాన్ నగరం దగ్గర మనిషితో కలిపి పూడ్చిన కుక్క ఎముకలు దొరికాయి, వాటి వయసు 14 వేల ఏళ్ళు. అప్పటికి వ్యవసాయం లేదు. కాబట్టి కుక్క మన దగ్గరికి వచ్చింది వేటగాళ్ళ కాలంలోనే. తర్వాత మనిషి ధాన్యం పండించడం మొదలుపెట్టాడు, మిగిలింది పారేశాడు. ఆ మిగిలినదాన్ని అరిగించుకోగలిగిన కుక్కలు ఎక్కువ పిల్లల్ని పెట్టాయి. వ్యవసాయం పెద్దగా చేరని చోట్ల నుంచి వచ్చిన హస్కీలు, ఆస్ట్రేలియా డింగోల్లో ఈ కాపీలు బాగా తక్కువ ఉండటం కూడా ఆ కథకి సరిపోతుంది. ఇంకో ముచ్చట. మనుషుల్లో కూడా ఇదే జరిగింది. పిండిపదార్థం ఎక్కువ తినే జనాల్లో లాలాజలంలోని అమైలేజ్ జన్యువు కాపీలు ఎక్కువ ఉంటాయని 2007లోనే తేలింది. ఒకే గట్క కుండ, దాని చుట్టూ చేరిన రెండు జంతువుల జన్యువుల్నీ మార్చింది.

కాబట్టి "కుక్క అంటే తోడేలే, అన్నం పెడితే విషం" అనేది తప్పు. ఇంకో సంగతి కూడా ఉంది. అడవిలో తోడేలు ఏడెనిమిదేళ్ళు బతికితే గొప్ప. పిల్లల్ని పెట్టి పెంచేదాకా పనికొచ్చే తిండిని ప్రకృతి ఎంచుతుంది, పద్నాలుగో ఏట కీళ్ళు ఎలా ఉంటాయో దానికి పట్టదు. మనం కుక్క నుంచి కోరుకునేది ఆ పద్నాలుగో ఏడు కూడా. పూర్వీకులు తిన్నదే మంచిదంటే మా అన్న కూడా మెస్ మానేసి ఇందిరా పార్కులో దుంపలు తవ్వుకోవాలి.

అట్లాగని వంటక్క గెలిచిందా అంటే, లేదు. అరగడం వేరు, సరిపోవడం వేరు. కుక్క తిండిలో నీరు తీసేసి లెక్కేస్తే పెద్ద కుక్కకి కనీసం 18 శాతం, పెరిగే పిల్లకి 22.5 శాతం ప్రోటీన్ ఉండాలని అమెరికాలో పశుదాణా ప్రమాణాలు రాసేవాళ్ళు పెట్టిన గీత. బియ్యంలో ఉండేది ఏడెనిమిది శాతం. పెరుగు కలిపితే కొంచెం పెరుగుతుంది గానీ, మన హాస్టల్ పెరుగన్నంలో పెరుగు ఎంత ఉంటుందో మీకు చెప్పాలా? మా తాత కుక్క గట్క మీదే బతికిందని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఫోన్ చేసి అడిగితే అసలు సంగతి చెప్పాడు: చచ్చిన గొర్రెపిల్లలు, ఈనినప్పుడు పడే మాయ, చేలో పట్టుకున్న ఎలుకలు. ఆ మెనూ మనం ఎప్పుడూ లెక్కలో వేయం. అశోక్‌నగర్ గల్లీలో గ్రూప్ టూకి ఆ సైడ్ బిజినెస్ లేదు.

పిల్లితో పోలిస్తే కుక్క ఎక్కడుందో ఇంకా బాగా తెలుస్తుంది. పిల్లికి మాంసం లేకపోతే గడవదు. క్యారెట్‌లోని బీటా కెరోటిన్‌ని విటమిన్ ఎ గా మార్చుకోలేదు, టారిన్‌ని కావలసినంత తయారుచేసుకోలేదు. కుక్క రెండూ చేసుకోగలదు. కానీ ఆవులా గడ్డి మీద బతికేదీ కాదు. పళ్ళు ఇప్పటికీ మాంసాన్ని కత్తిరించేవే. మనలాగా నోట్లో అమైలేజ్ ఉండదు, పిండి పని అంతా పేగులోనే, అందుకే బియ్యమైనా జొన్నలైనా బాగా ఉడికి ఉండాలి. సగం తోడేలు, సగం మన ఇంటి మనిషి. తిండి కూడా అట్లాగే సగం సగం పడితేనే దానికి కుదురుతుంది.

ఇప్పుడు ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వైపు రండి. రాత్రి సెకండ్ షో వదిలాక అక్కడి కుక్కల డిన్నర్ బిర్యానీ. దీని మీద నేను కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ప్రేమతో మనం చేసే తప్పుల్లో ఇది నంబర్ వన్.

బిర్యానీలో అన్నం సమస్య కాదు, మాంసం సమస్య కాదు. సమస్య వేయించిన ఉల్లిపాయ, వెల్లుల్లి. వీటిలోని గంధకపు పదార్థాలు కుక్క ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. కణాలు పగిలి రక్తహీనత వస్తుంది. వండితే, వేయిస్తే ఆ గుణం పోదు. ఒక్కసారి నాలుగు మెతుకులకి ఏం కాకపోవచ్చు, రోజూ తింటే లెక్క వేరు. పైగా వెంటనే కనపడదు, కొన్ని రోజుల తర్వాత నీరసంగా పడుకుంటుంది, చిగుళ్ళు తెల్లబడతాయి, ఎవరూ బిర్యానీని అనుమానించరు. రెండోది ఎముక. తోడేలు నమిలేది పచ్చి ఎముక. ఉడికిన కోడి ఎముక పెళుసెక్కి సూదుల్లా చీలుతుంది, గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. "బొక్కలు కుక్కలకే కదా" అని మనం వేసేవి దాదాపు అన్నీ ఉడికినవే.

పార్లే-జీ విషం కాదు. మైదా, చక్కెర, నూనె అంతే. మనం టీతో తిన్నట్టు అదీ తింటుంది, దాన్ని భోజనం అనుకోకండి. ద్రాక్ష, కిస్మిస్ మాత్రం కిడ్నీల్ని పాడుచేయగలవు. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్‌ని కుక్క శరీరం చాలా నెమ్మదిగా వదిలించుకుంటుంది, నలుపు ఎక్కువైన కొద్దీ ప్రమాదం ఎక్కువ. షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ నిమిషాల్లో రక్తంలో చక్కెరని కూలదోస్తుంది. తోడేలుకి వేల ఏళ్ళలో చాక్లెట్ ఎదురుపడలేదు కాబట్టి ఈ లిస్టులో వంశవృక్షం ఏ సాయమూ చేయదు.

మరి తెలియనిది కుక్కే వదిలేస్తుంది కదా అంటారేమో. వదలదు. ఐసర్ కోల్‌కతా సంస్థలో అనిందితా భద్ర గారి ల్యాబ్ చాలా ఏళ్ళుగా మన దేశపు వీధి కుక్కల్నే చదువుతోంది. వాళ్ళు కుక్కల ముందు రకరకాల తిండి పెట్టి చూశారు. అవి పాటించే సూత్రం ఒక్కటే అని తేలింది: మాంసం వాసన ఎందులో ఎక్కువ ఉంటే అది ముందు. అందులో నిజంగా మాంసం ఎంతుందో కాదు, వాసన ఎంతుందో. చెత్తకుప్ప దగ్గర పోటీలో ఆ షార్ట్‌కట్ బాగా పనికొస్తుంది. కానీ ఉల్లిపాయల మసాలాకి మాంసం వాసన పట్టి ఉంటే కుక్క ముందు దానికే ఓటేస్తుంది.

తోడేలు నుంచి కుక్కకి నిజంగా మిగిలింది కడుపులో కన్నా తినే తీరులో ఎక్కువనిపిస్తుంది నాకు. తోడేలు ఒక్క పూట తొమ్మిది కిలోల దాకా మింగి, తర్వాత రోజుల తరబడి ఖాళీగా ఉండగలదు. పక్కవాడు లాక్కునేలోపు మింగాలి. గ్రూప్ టూ గిన్నె ముప్పై సెకన్లలో ఖాళీ చేయడం, మిగిలిన రొట్టెని పూలకుండీలో పాతిపెట్టడం, తినేటప్పుడు దగ్గరికెళ్తే గుర్రుమనడం అన్నీ ఆ పాత పాఠాలే. నిన్నటిదాకా కాళ్ళు నాకిన కుక్క ఇవాళ గిన్నె దగ్గర పళ్ళు చూపిస్తే అది ద్రోహం కాదు. గిన్నె మీద చెయ్యి పెట్టకండి, అంతే. నాలుగు కుక్కలుంటే నాలుగు చోట్ల, దూరం దూరంగా పెట్టండి. ఒకే కుప్పగా పోస్తే కొట్లాట మీరు పెట్టినట్టే.

ఇది మన ఏరియాలో చిన్న విషయం కాదు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధి కుక్కల దాడిలో నాలుగేళ్ళ బాబు చనిపోయాడు. నారాయణగూడ నుంచి అంబర్‌పేట ఎంత దూరమో మీకు తెలుసు. ఆ తర్వాత మా గల్లీలో కుక్కకి ముద్ద వేసేవాళ్ళని జనం చూసే చూపే మారింది. ఒక ఆంటీ అయితే అన్న మొహం మీదే అడిగింది: "రేపు మా పిల్లగాన్ని కరిస్తే నువ్వొస్తవా?" దానికి అన్న దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. అదే ఏడు వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల్లో 20వ నిబంధన కొంత దారి చూపిస్తుంది. వీధి కుక్కలకి తిండి పెట్టే చోటుని ఆ కాలనీ సంఘమే చూపించాలి. అది పిల్లలు ఆడుకునే చోటు, మెట్లు, బిల్డింగ్ గేటు దగ్గర ఉండకూడదు. పిల్లలు, పెద్దవాళ్ళు తక్కువ తిరిగే టైమ్‌లోనే పెట్టాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా కేటాయించిన స్థలాల్లోనే పెట్టాలి, రోడ్ల మీద ఎక్కడపడితే అక్కడ వద్దంది. అంటే సెంట్రల్ లైబ్రరీ ముందు, సాయంత్రం అంత రద్దీలో, బిస్కెట్ ప్యాకెట్ చింపి విసిరి సెల్ఫీ తీసుకోవడం చట్టం ప్రకారమూ తప్పే, తోడేలు మనస్తత్వం ప్రకారమూ తప్పే.

పొరపాటున పన్ను గీసుకుంటే, గాయం చిన్నదే కదా అనుకోకుండా పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే టీకా వేయించుకోండి. హైదరాబాద్‌లో "కుక్క కరిచింది" అంటే "నారాయణగూడ పో" అనడం మన పెద్దవాళ్ళకి అలవాటు. అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ గురించి ఆ మాట. పశువుల ఆసుపత్రీ నారాయణగూడలోనే, మనిషికి రేబిస్ టీకా కూడా నారాయణగూడలోనే. గ్రూప్ టూకి టీకా వేయించిన రోజు అన్న ఆ ఆంటీకి కార్డు తీసుకెళ్ళి చూపించాడు. ఆవిడ చూసి, ఏమీ అనకుండా తిరిగిచ్చేసింది.

గ్రూప్ టూ ఇప్పుడు ఏం తింటోందంటే: బాగా మెత్తగా ఉడికిన అన్నం, పసుపు తప్ప ఉప్పుకారాలు వేయని పప్పు, ఉడికించిన చికెన్, వారానికి ఒకసారి కొంచెం లివర్, కాస్త గుమ్మడో క్యారెట్టో. వేసవిలో పెరుగు. పాలు వద్దన్నారు, పెద్దయ్యాక చాలా కుక్కలకి పాలలోని లాక్టోజ్ అరగదు, పెరుగులో అది కొంత తగ్గి ఉంటుంది కాబట్టి సరిపడితే పర్లేదు. పచ్చి మాంసం ఆపేశాం, సాల్మొనెల్లా కుక్కని వదిలేసినా ఒకే బాత్రూమ్ వాడే పద్దెనిమిది మందిని వదలదు. కాల్షియం డాక్టర్ రాసిన మోతాదులో. మీరు ఇది చూసి అదే కొలత వేయకండి, కాల్షియం ఎక్కువైనా ఎముకలు పాడవుతాయి. దాని వయసు, బరువు చూపించి అడగండి.

వండేది వంటక్క, కొనేది అన్న. ఉల్లిపాయ కోయకముందే దాని వాటా పక్కకి తీసి పెట్టడం ఇప్పుడు అక్కకి అలవాటైపోయింది. కుడి కాలు నిటారుగా వచ్చింది. ఎడమ కాలు కొంచెం వంకరగానే ఉండిపోయింది, అది ఇక రాదన్నారు. మెట్లు మాత్రం మళ్ళీ ఎక్కుతోంది. పొద్దున ఐదింటికి మూడో ఫ్లోర్‌కి వచ్చి, అన్న చదువుకునే చాప మీద, ఇండియన్ పాలిటీ పుస్తకాన్ని అటు తోసేసి పడుకుంటుంది.